పరాయి దేశపు పేదవాడికి మన పన్ను డబ్బు: వాక్యం ఏమంటోంది, లెక్కలేమంటున్నాయి

ఒడిశాలోని గుణుపురం నుంచి ఒక యువ సహోదరుడు అడిగిన ప్రశ్న ఇది: "మా యువజన కూటంలో పెద్ద వాదన జరిగింది. రాయగడ, గజపతి జిల్లాల్లోనే ఇంత పేదరికం ఉంటే మన ప్రభుత్వం మన పన్ను డబ్బు తీసుకెళ్ళి భూటాన్‌కీ ఆఫ్రికాకీ ఎందుకివ్వాలి? దానం చెయ్యడం సంఘం పని, విశ్వాసి పని. సర్కారు పని కాదు కదా? బైబిల్లో దీనికి ఆధారం ఏమైనా ఉందా?"

ఆధారం ఉంది తమ్ముడూ, గట్టిగానే ఉంది. కాకపోతే సర్కారు ఇచ్చే ప్రతి రూపాయినీ వాక్యం సమర్థించదు. ఎలాంటి సాయం అడగాలో, ఎలాంటి సాయాన్ని తప్పుపట్టాలో రెండూ అందులోనే ఉన్నాయి. కూటంలో ఈసారి మాట్లాడేటప్పుడు ఆ రెండూ కలిపి చెప్పండి. ఒకటి వదిలేస్తే రెండోది నిలబడదు.

ముందు "దానం మనసుకు సంబంధించినది, పన్ను బలవంతం" అనే మాట చూద్దాం. దీనికి అందరూ చూపించే వచనం కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 9:7. సణుగుకోకుండా, బలవంతం లేకుండా, ప్రతివాడూ తన హృదయంలో నిశ్చయించుకున్నట్టు ఇవ్వాలని అక్కడుంది. నిజమే. అది సంఘంలో పట్టే కానుక గురించి. కానీ పేదవాడి వాటా అంతా కానుకల మీదే ఆధారపడాలని ధర్మశాస్త్రం ఎక్కడా చెప్పలేదు. లేవీయకాండము 19:9-10 చదవండి. పొలం ఓరలు పూర్తిగా కొయ్యకూడదు, రాలిన పరిగె ఏరుకోకూడదు, ద్రాక్షతోటలో రాలిన పండ్లు ఏరకూడదు. అవి బీదలకూ పరదేశులకూ వదలాలి. రైతుకు ఆరోజు మనసు బాగుందా లేదా అన్న ప్రశ్నే అక్కడ లేదు. అది చట్టం. ద్వితీయోపదేశకాండము 14:28-29 ఇంకా స్పష్టంగా ఉంటుంది. మూడేళ్ళకొకసారి ఆ ఏటి పంటలో పదో వంతు ఊరి గుమ్మాల లోపల నిలవ చెయ్యాలి. లేవీయులు, పరదేశులు, తండ్రిలేనివారు, విధవరాండ్రు వచ్చి తిని తృప్తిపడాలి. ఎంత, ఎప్పుడు, ఎక్కడ, ఎవరికి అన్న నాలుగూ నిర్ణయించి ఉన్నాయి. ఈనాటి మాటల్లో చెప్పాలంటే అది పన్నూ, గోదామూ, లబ్ధిదారుల జాబితా.

ఆ జాబితాలో పరదేశి ఉన్నాడని గమనించండి. మోయాబు నుంచి వచ్చిన రూతు బోయజు పొలంలో పరిగె ఏరుకోగలిగిందంటే ఆయన మంచితనం ఒక్కటే కారణం కాదు. ఆ గింజల మీద ఆమెకు అప్పటికే హక్కుంది. బోయజు చేసిన మంచి దాని పైన చేసింది. పనలలోంచి కూడా కొంత కావాలనే పడెయ్యమని పనివాళ్ళకు చెప్పాడు. చట్టం ఇచ్చేది అడుగున ఉంటుంది, ప్రేమ ఇచ్చేది దాని మీద ఉంటుంది. సర్కారు సాయమూ, సంఘం కానుకా ఇలాగే ఒకదాని మీద ఒకటి నిలబడాలి. ఒకటి ఉంది కాబట్టి రెండోది అక్కర్లేదనడం కుదరదు.

"అది ఇశ్రాయేలు చట్టం, మనది అన్ని మతాల వాళ్ళూ ఉండే దేశం" అని కూటంలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వాళ్ళకు దానియేలు 4:27 చూపించండి. నెబుకద్నెజరు దేవుణ్ణి ఎరిగిన రాజు కాదు. యూదులను చెరపట్టుకుపోయిన బబులోను రాజు. అలాంటివాడితో దానియేలు, నీతిని అనుసరించి నీ పాపాలు మాని, బాధపడేవారి మీద కరుణ చూపమని చెప్పాడు. బీదల మీద కనికరం రాజు మతానికి సంబంధించిన విషయమైతే దానియేలు ఆ మాట ఆ రాజుకు చెప్పేవాడే కాదు. ఏలిక అన్నవాడికి అది బాధ్యత. 72వ కీర్తనలో రాజు కోసం చేసిన ప్రార్థన మొత్తం దీని చుట్టూనే తిరుగుతుంది.

ఇక అసలైన అధ్యాయానికి వద్దాం. ఆదికాండము 41. ప్రభుత్వమే పంట సేకరించి, నిలవ చేసి, పొరుగు దేశాలకు కూడా పెట్టిన వృత్తాంతం ఇదే. ఏడు సమృద్ధి సంవత్సరాల్లో పంటలో ఐదో వంతు తీసుకున్నారు. ఒక్క రాజధానిలో కాకుండా ఏ పట్టణం చుట్టూ పండింది ఆ పట్టణంలోనే నిలవ చేశారు. కరువొచ్చాక యోసేపు కొట్లు తెరిచాడు. 57వ వచనంలో సమస్త దేశస్థులూ ధాన్యం కొనడానికి ఐగుప్తుకు వచ్చారని ఉంది. అలా వచ్చిన వాళ్ళలో యాకోబు కొడుకులున్నారు. అంటే వాగ్దాన సంతానం బతికింది ఒక పరాయి ప్రభుత్వం గోదాముల వల్లే.

అయితే 41వ అధ్యాయం దగ్గర ఆగిపోయేవాళ్ళు సగమే చదివినట్టు. 47వ అధ్యాయం కూడా చదవాలి. ప్రజల దగ్గర మొదట డబ్బు అయిపోయింది, తర్వాత పశువులు పోయాయి, ఆపైన పొలాలు పోయాయి, చివరికి వాళ్ళే ఫరోకు దాసులయ్యారు. యాజకుల భూములు మాత్రం పోలేదు. ప్రాణాలు నిలబెట్టిన ఆ ధాన్యమే మనుషుల్ని కట్టేసింది కూడా. విదేశీ సాయం గురించి ఎవరు ఏ విమర్శ చేసినా దాని మూలం ఈ అధ్యాయంలో ఉంది: ఇచ్చేవాడు బలపడి, పుచ్చుకునేవాడు తన నేల మీదే కూలీ అవ్వడం. అందుకే లేవీయకాండము 25లో సునాద (జూబిలీ) సంవత్సరం పెట్టారు. యాభయ్యో ఏట భూమి తిరిగి సొంతదారు కుటుంబానికి చేరాలి, అమ్ముడుపోయినవాడు విడుదల కావాలి. ఈ అధ్యాయాన్ని పట్టుకునే 1990ల చివర్లో సంఘాలూ ఇతర సంస్థలూ కలిసి, పేద దేశాల అప్పు రద్దు చెయ్యాలని జూబిలీ 2000 ఉద్యమం నడిపాయి. 1999లో కొలోన్‌లో జరిగిన పెద్ద దేశాల జీ-8 సమావేశం అప్పుల మాఫీని విస్తరించడానికి ఒప్పుకుంది. ఈ పని చేసింది ప్రభుత్వాలు. కానీ వాటిని ఒప్పించిన ఒత్తిడిలో సంఘాల చెయ్యి పెద్దది.

ఇలాంటిదే ఇంకొకటి చాలామందికి తెలీదు. ధనిక దేశాలు తమ ఆదాయంలో 0.7 శాతం సాయానికివ్వాలన్న లక్ష్యం వినే ఉంటారు. దాని మొదటి రూపం ఆర్థికవేత్తల దగ్గర పుట్టింది కాదు. 1958లో ప్రపంచ సంఘాల మండలి, దేశాలు తమ ఆదాయంలో 1 శాతం ఇవ్వాలని ప్రతిపాదించి, ఐక్యరాజ్యసమితి ప్రతినిధులందరికీ పంపింది. తర్వాత కెనడా మాజీ ప్రధాని లెస్టర్ పియర్సన్ నాయకత్వంలోని కమిషన్ 1969లో, అందులో ప్రభుత్వాల వాటా 0.7 శాతమని తేల్చింది. 1970 అక్టోబరు 24న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ దాన్ని తీర్మానంలో పెట్టింది. స్వీడన్, నార్వే, డెన్మార్క్, నెదర్లాండ్స్ 1970లలోనే ఆ గీత దాటాయి. కెనడా ఇప్పటిదాకా దాటలేదు. బ్రిటన్ 2013లో చేరుకుంది, 2015లో చట్టం కూడా చేసుకుంది, 2021లో మళ్ళీ 0.5కి దిగింది, 2027 నాటికి 0.3కి తగ్గిస్తామని 2025లో ప్రకటించింది. అదే ఏడాది అమెరికా, విదేశాలకు సాయం పంపే తన యూఎస్‌ఎయిడ్ సంస్థనే మూసేసింది. కాబట్టి ఇది పాతబడిన చర్చ కాదు. ఇప్పుడే విశ్వాసులు నోరు తెరవాలి.

"మన ఇల్లు చూసుకోవద్దా?" అన్నది మీ కూటంలో అందరికంటే గట్టి వాదన అయ్యుంటుంది. తన ఇంటివారిని సంరక్షించనివాడు విశ్వాసం లేనివాడికన్నా చెడ్డవాడని తిమోతికి రాసిన మొదటి పత్రిక 5:8లో ఉంది. దాన్ని తేలిగ్గా తీసెయ్యకండి. జవాబు లెక్కల్లో చెప్పండి. 2025-26 కేంద్ర బడ్జెట్ ఖర్చు 50.65 లక్షల కోట్లు. అందులో విదేశాలకు సాయం కింద పెట్టింది సుమారు 5,480 కోట్లు. నూరు రూపాయల్లో 11 పైసలు. దేశంలో తలకి ఏడాదికి నలభై రూపాయల లోపు. అందులో భూటాన్ ఒక్కదానికే 2,150 కోట్లు వెళ్తాయి. ఆఫ్రికా దేశాలన్నిటికీ కలిపి ఉన్నది 225 కోట్లు, మనిషికి రూపాయిన్నర చొప్పున. మన గుమ్మ, నువాగడ, చంద్రపూర్ బ్లాకుల్లో బడికి టీచరు లేకపోవడానికీ, ఆసుపత్రిలో డాక్టరు లేకపోవడానికీ కారణం ఆ రూపాయిన్నర కాదు. ఇంటి నిధులు ఎక్కడ ఆగిపోతున్నాయో అది వేరే పోరాటం. అదీ చెయ్యాలి.

ఇంకొక మాట. ఇంటివాడెవడు, పరాయివాడెవడు అన్నది ఈ ప్రాంతంలో ఉన్నవాళ్ళకు వేరేవాళ్ళు నేర్పక్కర్లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీలో కొంత అటు, కొంత ఇటు అయింది. పాతపట్నంలో ఆడపిల్లనిచ్చి పర్లాకిమిడిలో కోడల్ని తెచ్చుకునే కుటుంబాల మధ్య గీత పడింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, శ్రీకాకుళాన్నీ గజపతినీ ఒకే రాత్రి ముంచింది. కొండచరియ విరిగినచోట ఒడిశావాడా ఆంధ్రావాడా అని ఎవరూ అడగలేదు. లూకా 10లో యేసు ప్రభువు గాయపడినవాడి ఊరు పేరు చెప్పలేదు, ఆగి సాయం చేసినవాడి జాతి మాత్రం చెప్పాడు.

పైగా మనం పుచ్చుకున్నవాళ్ళం. రాయగడ జిల్లా బిసంకటక్‌లోని క్రిస్టియన్ ఆసుపత్రిని 1954లో మొదలుపెట్టింది డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టరమ్మ ఎలిజబెత్ మాడ్సెన్. అది విశ్వాసుల కానుకలతో నడిచిన పని. తర్వాత అదే డెన్మార్క్ ప్రభుత్వం, తన ప్రజల పన్ను డబ్బుతో, డానిడా అనే సంస్థ ద్వారా ఒడిశాతో సహా కొన్ని రాష్ట్రాల్లో కుష్ఠు నివారణకు సాయం చేసింది. ఈ రెండిటి తేడా బాగా అర్థం చేసుకోండి, మీ ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చిన రోగిని విశ్వాసులు చూడగలరు. కానీ కుష్ఠుకు మందు ఒక్కరోజు ఇచ్చేది కాదు. ఎక్కువ మచ్చలున్నవాడికి 12 నెలల కోర్సు. నెలకొకసారి రిఫాంపిసిన్ 600 మిల్లీగ్రాములు, క్లొఫజమిన్ 300 మిల్లీగ్రాములు ఆరోగ్య కార్యకర్త ఎదుటే మింగాలి. డాప్సోన్ 100, క్లొఫజమిన్ 50 రోజూ ఇంట్లో వేసుకోవాలి. తక్కువ మచ్చలున్నవాడికి ఆరు నెలలు. ప్రతి పల్లెలో మచ్చ చూసేవాడు కావాలి, నెలనెలా మందు అట్ట చేరాలి, మధ్యలో మానేసినవాణ్ణి వెతకాలి. ఇదంతా జిల్లా అంతటా, ఏళ్ళ తరబడి జరగాలంటే ఒక సంఘం కానుక చాలదు. అమెరికా 2003లో మొదలుపెట్టిన పెప్‌ఫర్ ఎయిడ్స్ కార్యక్రమం కూడా ఇదే దారి. ఆఫ్రికాలో మిషన్ ఆసుపత్రులు రోగిని చూస్తుంటే, మందుల ఖర్చు పన్ను డబ్బు భరించింది. దాని కోసం అమెరికాలోని సంఘాలు గట్టిగా పట్టుబట్టాయి.

గజపతి, రాయగడ, కొరాపుట్, మల్కనగిరి జిల్లాల్లో 2004 తర్వాత నడిచిన ఒటెల్ప్ అనే గిరిజన జీవనోపాధి కార్యక్రమం గుర్తుందా? వాటర్‌షెడ్ గట్లు, పొదుపు సంఘాలు, కొండ వాలుల్లో తోటలు, భూమి పట్టాల పని. దానిలో ఒడిశా ప్రభుత్వం డబ్బుతోపాటు ఐక్యరాజ్యసమితి వ్యవసాయ నిధి ఐఫాడ్ అప్పూ, బ్రిటన్ ప్రభుత్వ గ్రాంటూ, ప్రపంచ ఆహార కార్యక్రమం తిండిగింజలూ ఉన్నాయి. మలేరియా చూడండి. ఒడిశాలో 2016లో 4.4 లక్షల కేసులుంటే 2019కి 40 వేల దగ్గరకు దిగాయి. ఎయిడ్స్, క్షయ, మలేరియాల కోసం దేశాలు కలిసి పెట్టిన గ్లోబల్ ఫండ్ సాయంతో వచ్చిన మందు పూసిన దోమతెరలకు ఇందులో పెద్ద పాత్ర ఉంది. ఇంట్లో ఇద్దరికి ఒక తెర లెక్కన పంచారు. ఆ తెర ఆయుష్షు మూడేళ్ళు, ఇరవై ఉతుకులు. ఆ తర్వాత మందు పనిచెయ్యదు, కొత్తది రావాలి. 2023 నాటికి కేసులు మళ్ళీ ఎక్కాయి. ఒకసారి ఇచ్చి చేతులు దులుపుకునే సాయం ఎందుకు నిలవదో మన గడపలోనే కనిపిస్తుంది.

"సంఘాలే చెయ్యవచ్చు కదా" అన్నదానికి తూకం వేసి చూపిస్తాను. మన సంఘాల్లో స్త్రీలు వంటకి బియ్యం పోసేటప్పుడు పిడికెడు తీసి పక్కన పెడతారు. పిడికెడు 50 గ్రాములనుకుందాం. ఏడాదికి ఒక ఇంటి నుంచి 18 కిలోలు. వంద ఇళ్ళ సంఘం నుంచి 1,800 కిలోలు. కరువు శిబిరంలో మనిషికి రోజుకి దాదాపు 400 గ్రాముల గింజలు, దానికి తోడు పప్పూ నూనే కావాలి. వెయ్యిమంది ఉన్న శిబిరానికి ఆ వంద ఇళ్ళ ఏడాది బియ్యం నాలుగున్నర రోజులకు సరిపోతుంది. ఆ పిడికెడు విలువ దేవుడికి తెలుసు, దాన్ని తక్కువ చెయ్యడం లేదు. కానీ లక్షలమంది నిరాశ్రయులైనప్పుడు దాన్నొక్కదాన్నే చూపించి సర్కారును పక్కకు తప్పించడం ఆకలిగా ఉన్నవాడికి అన్యాయం.

చట్టం దారి కూడా ఇరుకే. భారతీయ ట్రస్టుగా నమోదైన సంఘం తన ఆదాయాన్ని విదేశంలో దానానికి ఖర్చు చేస్తే పన్ను మినహాయింపు మామూలుగా రాదు. 1961 ఆదాయపు పన్ను చట్టం 11(1)(సి) కింద ప్రత్యక్ష పన్నుల బోర్డు విడిగా అనుమతిస్తేనే వచ్చేది. 2026 ఏప్రిల్ నుంచి కొత్త చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి కాబట్టి ఆడిటరును అడగకుండా అడుగు వెయ్యకండి. ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా బయటికి పంపుకునే రిజర్వు బ్యాంకు వెసులుబాటు వ్యక్తులకే, ట్రస్టులకు లేదు. కొందరు సంఘం డబ్బు పాస్టరుగారి సొంత ఖాతాలో వేసి పంపిద్దామంటారు. అది చెయ్యనే చెయ్యవద్దు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద తెరిచిన ఖాతాలో వచ్చిన విదేశీ నిధిని ఇంకొక సంస్థకు బదిలీ చెయ్యడం 2020 సవరణ తర్వాత పూర్తిగా నిషేధం. ఇన్ని గేట్లు ఉన్నాయి కాబట్టే విదేశీ పేదకు మన దగ్గర నుంచి పెద్ద ఎత్తున చేరే దారి చాలావరకు ప్రభుత్వ సాయమే.

ఇప్పుడు తప్పులు. ఇవి మనమే ముందు చెప్పాలి, ఎదుటివాడు చెప్పేదాకా ఆగకూడదు.

మొదటిది, సాయం పేరుతో వ్యాపారం. బ్రిటన్ 1990ల మొదట్లో మలేషియాలో పెర్గావ్ ఆనకట్టకు 23.4 కోట్ల పౌన్లు ఇచ్చింది. దాని వెనక ఆయుధాల అమ్మకం ఉందని బయటపడింది. వరల్డ్ డెవలప్‌మెంట్ మూవ్‌మెంట్ అనే సంస్థ కోర్టుకెళ్తే 1994లో హైకోర్టు ఆ సాయం చట్టవిరుద్ధమని తీర్పిచ్చింది. ఆ తర్వాత 2002లో పేదరికం తగ్గించడమే సాయం ఉద్దేశమని చట్టం చేసుకున్నారు. మన దేశంలో అలాంటి చట్టం లేదు. మన ఎగుమతి-దిగుమతి (ఎగ్జిమ్) బ్యాంకు ద్వారా వెళ్ళే రుణాల్లో మామూలుగా 75 శాతం సరుకూ సేవలూ ఇండియా నుంచే కొనాలి. మన కంపెనీలకు పని దొరుకుతుంది, నిజమే. కానీ అక్కడి ప్రభుత్వం తక్కువ ధరకు పక్క దేశంలో కొనుక్కోలేదు, అప్పు మాత్రం తీర్చాలి. ఆదికాండము 47 ఇలాగే మొదలవుతుంది.

రెండోది, మిగులు తిండి తీసుకెళ్ళి పొయ్యడం. హైతీ 1990లలో బియ్యం మీద దిగుమతి సుంకం తగ్గించాక, సబ్సిడీ ఉన్న అమెరికా బియ్యం వచ్చిపడి అక్కడి వరి రైతు దెబ్బతిన్నాడు. బిల్ క్లింటన్ 2010లో దానికి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. పక్క జిల్లాలో ధాన్యం దొరుకుతుంటే డబ్బిచ్చి అక్కడ కొనాలి. దొరకనప్పుడే ఓడలో పంపాలి. సాయం ఎవరి పొట్ట నింపిందన్నదే కాకుండా ఎవరి కళ్లం ఖాళీ చేసిందని కూడా అడగాలి.

మూడోది ఆలస్యం. అపొస్తలుల కార్యములు 11:27-30లో అగబు ప్రవక్త చెప్పింది కరువు రాకముందు. అంతియొకయ శిష్యులు ఆ మాట విని, ప్రతివాడూ తన శక్తి కొలదీ ఇచ్చి, బర్నబా సౌలుల చేత యూదయకు పంపారు. సొమాలియాలో 2010 ఆగస్టు నుంచే హెచ్చరికలు వచ్చాయి. కరువు ప్రకటించింది 2011 జూలై 20న. డబ్బు ఎక్కువగా కదిలింది ఆ తర్వాతే. చనిపోయిన సుమారు 2.6 లక్షలమందిలో సగం మంది ఐదేళ్ళలోపు పిల్లలు. సూచన వచ్చినప్పుడే విడుదలయ్యే నిధి ముందుగా పక్కన ఉంటే తప్ప ఇది ఆగదు. యోసేపు గోదాములు నిండింది కరువులో కాదు.

నాలుగోది నిర్వహణ. దీన్ని కొంచెం దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే బోరింగు మనందరికీ తెలిసిన వస్తువు. మన ఊళ్ళలో ఉన్న ఇండియా మార్క్-2 పంపు వెనక కూడా సంఘమూ సర్కారూ కలిసి చేసిన పని ఉంది. మహారాష్ట్రలో జాల్నా, సోలాపూర్ ప్రాంతాల మిషన్ కార్యకర్తలు పోత ఇనప పంపులు ఊరికే విరిగిపోతుంటే ఉక్కుతో గట్టి పంపులు తయారుచేశారు. వాటి మీద ఆధారపడి 1970లలో యునిసెఫ్, మన ప్రభుత్వం, మద్రాసులోని రిచర్డ్‌సన్ అండ్ క్రుడ్డాస్ కలిసి ఈ నమూనా తెచ్చాయి. ఈరోజు ఆఫ్రికాలో ఎన్నో దేశాల్లో ఇదే పంపు ఉంది.

దీన్ని ముప్పై మీటర్ల లోతున దించారనుకోండి. మూడు మీటర్ల జీఐ పైపులు పది, 12 మిల్లీమీటర్ల కడ్డీలు పది, కింద సిలిండరు, దానిలో వాషర్లు. రోజూ రెండు వందల యాభైమంది కొడితే వాషరు అరుగుతుంది. కొత్త వాషరు చవక. కానీ మార్క్-2లో వాషరు మార్చాలంటే పైపులన్నీ పైకి లాగాలి, నీళ్ళతో కలిపి 150 కిలోల దాకా బరువు. ముక్కాలి స్టాండు, పైపు పట్టే క్లాంపులు, పని తెలిసిన ముగ్గురు మనుషులు కావాలి. దాత బోరు తవ్వడానికి డబ్బిస్తాడు, ప్రారంభోత్సవానికి వస్తాడు. స్టాండుకూ మెకానిక్కుకూ ఎవరూ ఇవ్వరు. చవకైన వాషరు దగ్గర లక్షల పని ఆగిపోతుంది. మార్క్-3లో పైపు వెడల్పు పెంచి, పైపులు తియ్యకుండానే పిస్టన్ పైకి లాగే ఏర్పాటు చేసింది ఇందుకే.

ఇంకో చిక్కు నీళ్ళలో ఉంది. భూగర్భ జలం పులుపైతే, అంటే పీహెచ్ 6.5 కన్నా తక్కువైతే, జీఐ పైపు మీది జింకు పూత పోయి తుప్పు పడుతుంది. పశ్చిమ ఆఫ్రికాలో చాలాచోట్ల ఇది జరిగింది. నీళ్ళు ఎర్రగా వస్తాయి, ఇనుము వాసన, వండిన అన్నం రంగు మారుతుంది. ఆడవాళ్ళు బిందె తీసుకుని మళ్ళీ వాగుకే పోతారు. రిజిస్టరులో మాత్రం పంపు పనిచేస్తోందని ఉంటుంది. అలాంటి చోట స్టెయిన్‌లెస్ స్టీలు పైపో మంచి యూపీవీసీ పైపో వెయ్యాలి. మొదటి ఖర్చు ఎక్కువ కాబట్టి తక్కువ టెండరు చూసేవాడు జీఐ పైపే ఎంచుకుంటాడు. బోరు వెయ్యకముందు ఒక సీసా నీళ్ళు పరీక్ష చేస్తే తేలిపోయే విషయం.

సాయంలో మంచిదేదో కూడా చెప్పాలి. 1964లో మొదలైన మన ఐటెక్ శిక్షణ కార్యక్రమం కింద ఆఫ్రికా పల్లెల నుంచి చదువు రాని అమ్మలు రాజస్థాన్‌లోని తిలోనియాకు వచ్చి ఆరు నెలల్లో సోలారు దీపాలు అమర్చడం, బాగుచెయ్యడం నేర్చుకుని వెళ్ళారు. అక్కడ దీపం చెడిపోతే బాగుచేసే మనిషి ఆ ఊళ్ళోనే ఉంటుంది. ఇలాంటివాటికి నిధి పెంచమని నిస్సంకోచంగా అడగవచ్చు.

మతం సంగతి కూడా తేల్చుకోండి. సాయం తీసుకునేవాడి మతం అడగకూడదు, బదులుగా ప్రార్థనకు రమ్మనకూడదు. రెడ్ క్రాస్ ఉద్యమమూ సహాయ సంస్థలూ 1994లో పెట్టుకున్న నియమావళిలో ఇది రాసి ఉంది. పన్ను డబ్బయితే ఇది మరీ గట్టిగా పాటించాలి. లూకా 17లో పదిమంది కుష్ఠురోగులు బాగుపడితే తిరిగొచ్చింది ఒక్క సమరయుడు. తక్కిన తొమ్మిదిమందికి కలిగిన స్వస్థత వెనక్కి తీసుకోలేదు.

లెక్కల విషయంలో పౌలు పెట్టిన పద్ధతి నేటికీ పనికొస్తుంది. యెరూషలేము పేదల కోసం పోగైన డబ్బును ఆయన ఒంటరిగా మొయ్యలేదు. సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి తీతుతో కలిపి పంపాడు. ఇంత పెద్ద మొత్తం విషయంలో ఎవరూ తప్పుపట్టకూడదని, ప్రభువు దృష్టిలోనే కాదు మనుషుల దృష్టిలో కూడా సరిగా ఉండాలని రాశాడు (కొరింథీయులకు రెండో పత్రిక 8:18-21). ఇచ్చినవాళ్ళ తరఫున చూసేవాడు ఒకడుండాలి. మన దేశం ధనిక దాతల సంఘమైన ఓఈసీడీ సాయ కమిటీలో సభ్యురాలు కాదు కాబట్టి ఆ పద్ధతిలో లెక్క చెప్పాల్సిన బాధ్యత లేదు. బడ్జెట్ పుస్తకంలో దేశాలవారీగా మొత్తాలే ఉంటాయి. ఏ ఊళ్ళో ఏం కట్టారు, ఇప్పుడది పనిచేస్తోందా అన్నది అందులో కనిపించదు.

అందుకని మీ యువజన కూటం చెయ్యగల పని ఒకటుంది. ఫిబ్రవరి 1న బడ్జెట్ పెట్టగానే విదేశాంగ శాఖ పద్దు దించుకోండి. "విదేశాలకు సాయం" కింద దేశాల వరుస, గ్రాంటెంత, రుణమెంత రాసుకోండి. తర్వాత విదేశాంగ వ్యవహారాల స్థాయీ సంఘం ఆ పద్దును పరిశీలించి నివేదిక ఇస్తుంది, అది కూడా ఉచితంగా దొరుకుతుంది. గుణుపురం, బిసంకటక్, రాయగడ వాళ్ళకు కొరాపుట్ ఎంపీ. పర్లాకిమిడి, మోహన వాళ్ళకు బరంపురం ఎంపీ. మీ ఎంపీ కార్యాలయానికి ఒక ప్రశ్న ముసాయిదా ఇవ్వండి. లోక్‌సభ ప్రశ్నకు కనీసం 15 రోజుల ముందు నోటీసు కావాలి, 150 మాటలు మించకూడదు, వాదనలూ ఆరోపణలూ ఉండకూడదు. ఉంటే అక్కడే తిరస్కరిస్తారు. "మన సాయం సరిపోతోందా?" అని అడిగితే గాలి జవాబు వస్తుంది. ఇలా అడగండి: గత మూడేళ్ళలో గ్రాంటుతో విదేశాల్లో పూర్తి చేసిన తాగునీటి, ఆరోగ్య పనులు ఎన్ని, దేశాలవారీగా, వాటిలో ఇప్పుడు పనిచేస్తున్నవెన్ని, నిర్వహణకు విడిగా కేటాయించింది ఎంత, స్థానికంగా కొన్న సరుకు శాతమెంత. నాలుగు ముక్కలు, నాలుగు అంకెలు. ముసాయిదా ఇంగ్లిషులోనో హిందీలోనో ఇవ్వండి, తెలుగులో ఇస్తే తర్జుమా కోసం ఆగిపోతుంది. సమావేశాల తేదీలు ప్రకటించిన వారంలోనే చేరాలి. ప్రతి శాఖకూ జవాబు చెప్పే రోజు వేరుగా ఉంటుంది కాబట్టి, విదేశాంగ శాఖ రోజు ఏదో చూసుకుని దానికి మూడు వారాల ముందు కాగితం ఎంపీగారి సహాయకుడి చేతికి అందించి, అందినట్టు సంతకం తీసుకోండి.